పర్లాకిమిడిలో దారి చూపిన అమ్మగారికి

మా పొమేరేనియన్ కుక్క కూనను ఏ పశువైద్యునికి చూపించాలో తెలియక పర్లాకిమిడి మందుల దుకాణం ముందు నిలబడ్డ నాతో, "మందు రాసే ముందు తూకం వేసే డాక్టరునే నమ్మండి బాబూ" అని చెప్పి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన అమ్మగారికి నా కృతజ్ఞతలు. అంతకుముందు ఒకచోట కంటి అంచనాతోనే నట్టల మందు పోశారు. మీ మాట పట్టుకుని పాతపట్నంలో కలిసిన డాక్టరుగారు కూనను త్రాసు మీద కూర్చోబెట్టి (అది త్రాసునే తడిపేసిందనుకోండి), 1 కిలో 200 గ్రాములని రాసుకుని, చిన్న జాతి కుక్కపిల్లలు ఎక్కువసేపు ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుందని, రోజుకు 4 సార్లు పెట్టాలని, 16 వారాల వయసు వరకు టీకాలు ఆపకూడదని ఓపికగా వివరించారు. మొన్న తెల్లవారుజామున అది తూలిపోతుంటే, చక్కెర పడిపోయిందేమోనని ఆయన చెప్పినట్లే చిగుళ్లకు తేనె రాసి, వెంటనే ఆయన దగ్గరకే తీసుకెళ్లాము.