క్యామ్ కార్డు చూశాను, వంశీ

విజయవాడ,
ఆదివారం రాత్రి.

చిరంజీవి వంశీకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలు నొప్పి తగ్గింది, మేడ మెట్లు ఎక్కుతోంది. నాయనమ్మ రోజూ సాయంత్రం "వంశీ ఫోన్ చేశాడా?" అని అడుగుతోంది. చేశాడనే చెబుతున్నాం. నువ్వు ఫోన్ చేసి ఐదు వారాలైంది. వాట్సాప్‌లో నువ్వు పెట్టే బొటనవేలు బొమ్మ చూసి మీ అమ్మ ఆ పూటకు ఊరుకుంటోంది. పని ఎక్కువై ఉంటుందిలే. నేను రాస్తున్నది దాని గురించి కాదు. చివరిసారి నువ్వు ఫొటో తీసి పంపిన క్యామ్ కార్డు గురించి, నీ కారు ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ కొన్నప్పుడు దాంతో వచ్చిన కొలతల కాగితం. ఫోన్‌లో చెబితే మధ్యలో "సరే నాన్నా" అని పెట్టేస్తావు. బుజ్జి పద్దెనిమిదో తారీఖున మీ డల్లాస్‌కు బయల్దేరుతున్నాడు కాబట్టి కాగితం మీద రాసి వాడి చేతికిస్తున్నాను.

ఆ ఫొటో మీ అక్క ప్రింటు తీసిచ్చింది. షాపులో బల్ల అద్దం కింద పెట్టుకుని మూడు రోజులు చూశాను. గాలి లోపలికి వచ్చే ఇంటేక్ వాల్వ్ 254 డిగ్రీలు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ 260, వాల్వ్ లేచే ఎత్తు, అదే లిఫ్ట్, 0.560 అంగుళం, ఆ వాల్వుల్ని తోసే రెండు లోబుల (క్యామ్ మీది ఉబ్బుల) మధ్య కోణం, అదే లోబ్ సెపరేషన్, 106, నాలుగు డిగ్రీలు అడ్వాన్స్ (ముందుకు జరిపినది). ఈ డ్యూరేషన్లు, అంటే వాల్వ్ తెరిచి ఉండే డిగ్రీలు, క్యామ్ మీద ఆనే ట్యాపెట్ 0.050 అంగుళం లేచిన దగ్గర నుంచి కొలిచినవి. కేటలాగులో పెద్ద అక్షరాలతో వేసే అంకె ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో చోట నుంచి కొలుస్తుంది, పట్టించుకోకు. రెండు క్యాములు పక్కపక్కన పెట్టి చూడాలంటే 0.050 దగ్గరి అంకెలే చూడు.

నేను లెక్క వేశాను. ఇంటేక్ సెంటర్‌లైన్, అంటే ఆ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు, 102 వస్తుంది. పిస్టన్ అడుక్కి దిగి, మళ్లీ పైకి 49 డిగ్రీలు ఎక్కాకగానీ ఇంటేక్ వాల్వ్ మూసుకోదు. రెండు వాల్వులూ ఒకేసారి తెరుచుకుని ఉండేది 45 డిగ్రీలు. మామూలుగా రోడ్డు మీద తిరిగే కారు క్యామ్‌లో ఇంటేక్ డ్యూరేషన్ 200కి అటూ ఇటూ ఉంటుంది. నీది 254. తేడా నువ్వే చూడు.

చిన్నప్పుడు నిన్ను బందరు కాలువ లాకుల దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి, గుర్తుందా? నీళ్లు వడి మీద ఉన్నప్పుడు తలుపు దించుతున్నా ఇంకా లోపలికి తోసుకొచ్చేవి. వడి లేనప్పుడు తలుపు తెరిచి పెడితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే వెనక్కి పోతాయి. ఇంటేక్ వాల్వ్ కూడా అంతే. ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర గాలికి వడి ఉంటుంది, వాల్వ్ ఆలస్యంగా మూసుకున్నా సిలిండర్ నిండుతూనే ఉంటుంది. రెండు వేల దగ్గర ఆ వడి ఉండదు. పైకి వచ్చే పిస్టన్ కొంత గాలిని మళ్లీ అది వచ్చిన మానిఫోల్డ్ గొట్టంలోకే నెట్టేస్తుంది. నీ ఇంజన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి, అసలే తొమ్మిది. ఈ క్యామ్‌తో కింద ఆ తొమ్మిది కూడా నిలవదు.

నువ్వు ముందు క్యామ్ కొన్నావు. అదే నాకు నచ్చలేదు. కారు బరువెంత, వెనక గేరు రేషియో ఎంత, టైరు ఎత్తెంత, ఇంజన్ బలాన్ని గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ ఏ ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటుంది, హెడ్డులో ఎంత గాలి పోతుంది, కంప్రెషన్ ఎంత, ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాక చివర్లో ఎంచుకునేది క్యామ్. నీ కమారో మనిషితో కలిపి 3,500 పౌండ్లన్నావు. వెనక గేరు 3.08. కన్వర్టర్ కారుతో వచ్చినదే, 1,800 దగ్గర పట్టేస్తుంది. ఈ క్యామ్ నిద్ర లేచేదే 3,500 దాటాక. పచ్చ లైటు వెలిగాక ఆ మధ్యలో కారు ఏం చేస్తుంది? మూలుగుతూ నిలబడుతుంది.

నీ ఇంజన్ ఇప్పుడున్నట్టే ఉంచితే నేను 224 నుంచి 230 మధ్య క్యామ్ వేస్తాను. లిఫ్ట్ 0.480 దాటనివ్వను, సెపరేషన్ 110 పెడతాను. దాంతో పాటు 2,800 కన్వర్టర్, 3.73 గేరు. లిఫ్ట్ ఎందుకు దాటనివ్వనంటే, ఆ పాత ఇనుప హెడ్డులో 0.560 పెడితే స్ప్రింగ్ మీది రిటైనర్ వచ్చి వాల్వ్ గైడ్‌ను గుద్దుతుంది. గైడ్ కోయించాలి, స్ప్రింగులు మార్చాలి. కాదు, కొన్న క్యామే వేస్తానంటావా? అప్పుడు కంప్రెషన్ 11కి తేవాలి, 4,500 కన్వర్టర్, 4.56 గేరు కావాలి, హెడ్డులు కూడా వేరేవి. అంత చేశాక అది ట్రైలర్ మీద ఎక్కించి ట్రాక్‌కు తీసుకెళ్లే కారవుతుంది. నీ దగ్గర ట్రైలర్ లేదు కదా, వంశీ.

ఇంకో సంగతి. ఇంత పెద్ద క్యామ్‌కు ఐడిల్‌లో వాక్యూమ్ ఉండదు. మామూలు ఇంజన్ పాదరసం లెక్కలో 18 అంగుళాలు లాగుతుంది, ఇది 8 లాగితే గొప్ప. బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వాక్యూమ్ మీదే. సిగ్నల్ దగ్గర రెండుసార్లు బ్రేక్ తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది. ట్రాక్‌కు మాత్రమే వెళ్లే కారుకు దీనికి ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటారు. మనుషులు, పిల్లలు తిరిగే రోడ్డు మీద అయితే ప్రాణాలతో సంబంధం. అందుకే అడుగుతున్నాను, నువ్వు ఈ కారు ఎక్కడ నడుపుతున్నావు?

అడగాలని కాదు కానీ, పోయిన నెల గుడివాడ పెళ్లిలో సుధ పెద్దమ్మ కోడలు తరఫువాళ్లు కలిశారు. వాళ్ల అబ్బాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడట. అర్ధరాత్రి హైవే పక్కన సర్వీసు రోడ్డులో కుర్రాళ్లు కార్లు పందెం వేశారని, పోలీసులొచ్చి కార్లు ఎత్తుకుపోయారని, అందులో మనవాళ్లూ ఉన్నారని చెప్పారు. నీ పేరు ఎవరూ అనలేదు. "ఎర్ర కమారో" అన్నారు. మీ అమ్మ అక్కడే ఉంది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు, వచ్చాక కూడా అన్నం తినలేదు. డల్లాస్‌లో ఎర్ర కమారోలు వంద ఉంటాయని చెప్పాను. నీ వీసా కాగితాల సంగతి కూడా నాకు తెలుసు, కానీ నా భయం దాని గురించి కాదు.

నువ్వే నాకు చెప్పావు, 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే డ్రాగ్ రేసుల (తిన్నటి దారిలో పెట్టే కార్ల పందేల) సంఘం పెట్టింది కుర్రాళ్లను రోడ్ల మీద నుంచి ట్రాక్ మీదకు తేవడానికని. 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో వాళ్ల మొదటి పోటీ ఎగ్జిబిషన్ మైదానం పార్కింగ్‌లో జరిగిందని కూడా చెప్పావు. అంతమంది కష్టపడి నీకు పావు మైలు, 1,320 అడుగులు, రెండు పక్కలా గోడ కట్టి, అంబులెన్స్ నిలబెట్టి ఇచ్చారు. మీ ఊరికి కిందే ఎన్నిస్‌లో 1986 నుంచి కాంక్రీటు ట్రాక్ ఉంది. ఇంత ఉండి కూడా రోడ్డు ఎందుకు?

సరే. క్యామ్ దగ్గరికి వస్తాను.

ఇది ఇంతవరకు నీకు చెప్పలేదు. 1984లో నేను మద్రాసులో పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రికి శోలవరం రేసుల పిచ్చి ఉండేది. శోలవరం అంటే యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే, ఊరి బయట. మేస్త్రి దగ్గర ఒక ప్రీమియర్ పద్మిని ఉండేది, 1,089 సీసీ, పుష్ రాడ్ ఇంజనే. రేసుకు రెండు వారాల ముందు దాని క్యామ్ షాఫ్ట్ తీసి గ్రైండింగ్‌కు ఇచ్చాడు. కొత్త క్యామ్ దొరికే రోజులు కావవి. ఉన్నదాని బేస్ సర్కిల్, అంటే లోబ్ వెనకాల గుండ్రటి భాగం, అరగదీస్తేనే లోబ్ ఎత్తు పెరిగినట్టు అవుతుంది. తెచ్చి బిగించాం. స్టార్ట్ చేస్తే గుబ గుబ గుబమని చప్పుడు. వీధిలో వాళ్లు వచ్చి నిలబడ్డారు. నాకు పందొమ్మిదేళ్లు, ఆ చప్పుడుకి ఒళ్లు పులకరించింది. నువ్వు పంపిన వీడియోలో అలాంటి క్యామ్ వేసిన కారు చప్పుడు విన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. నువ్వు ఆ క్యామ్ ఎందుకు కొన్నావో కూడా అప్పుడే తెలిసింది.

రేసు రోజు పొద్దున మేస్త్రి ట్యాపెట్లు సెట్ చేసి ప్రాక్టీసుకు వెళ్లాడు. వచ్చాక చూడమని నాతో చెప్పాడు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ పొద్దున పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెట్టింది, ఇరవై అయిదు చూపించింది. ఫీలర్ గేజు మళ్లీ పెట్టి చూశాను. అంతే. రెండు గంటల్లో గ్యాప్ అంత పెరిగిందంటే ట్యాపెట్, దాంతో పాటు లోబ్ అరిగిపోతున్నాయన్నమాట. నాకు అర్థమైంది. కానీ మేస్త్రి కోపం తెలుసు, ఆ రోజు ఆయన ఎంత సంబరంగా ఉన్నాడో కూడా తెలుసు. నేను స్క్రూ తిప్పి గ్యాప్ మళ్లీ పదికి తెచ్చి, లాక్ నట్ బిగించి, "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నాను.

జెండా ఊపగానే పక్కనున్న మామూలు క్యామ్ పద్మినిలు వెళ్లిపోయాయి. మాది రివ్వు ఎక్కేదాకా కదల్లేదు. రెండో గేరు వేస్తే మళ్లీ కిందపడింది. మూడో ల్యాప్‌లో టకటకమని మొదలై, ఇంజన్ పట్టేసింది. ఆ రాత్రి షెడ్డులో విప్పితే ఆ లోబ్ గుండ్రంగా ఉంది. గ్రైండింగ్‌లో పైనున్న గట్టి పొర పోయింది, లోపలి మెత్తటి ఇనుము నిలవలేదు. ఇనుప పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులన్నీ తినేసింది. క్రాంక్ కూడా పోయింది. మేస్త్రి నన్ను ఏమీ అనలేదు, ఆయనకు తెలియదు కాబట్టి. ఆయన పోయేదాకా చెప్పలేదు. మీ అమ్మకు కూడా ఈ మధ్యే చెప్పాను.

ఏదైనా జరిగి ఉంటే నాకు చెప్పు. కారు పోయినా, డబ్బు కట్టాల్సి వచ్చినా. నేను ఒక్క మాట అనను. గొంతు పెంచితే అక్క చేతికి ఫోన్ ఇచ్చేస్తాను.

క్యామ్ బిగించేటప్పుడు ఇవి చెయ్యి. డిగ్రీ వీల్ (డిగ్రీల గుర్తులున్న చక్రం) పెట్టి, కార్డులో రాసిన సెంటర్‌లైన్ వస్తోందో లేదో చూడు. టైమింగ్ గొలుసు చక్రాల మీది చుక్కల్ని నమ్మి మూత వెయ్యకు. పిస్టన్ తలమీద పిల్లలు ఆడుకునే బంకమట్టి పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. స్టార్టర్‌తో కాదు, చేత్తో. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే బలవంతం చెయ్యకు. మట్టి కోసి కొలువు. ఇంటేక్ వైపు కనీసం 0.080 అంగుళం, ఎగ్జాస్ట్ వైపు 0.100 ఉండాలి. రోలర్ లేని ట్యాపెట్లు కాబట్టి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలకు. వెంటనే 2,000 నుంచి 2,500 మధ్య పట్టి, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ ఇరవై నిమిషాలు నడపాలి. జింక్ ఉన్న ఆయిలే పొయ్యి. ఆ ఇరవై నిమిషాల్లోనే క్యామ్ బతకడమో పోవడమో తేలుతుంది. గ్యారేజీ తలుపు తీసి ఉంచు, ఆ పొగ మనిషిని చెప్పకుండా చంపుతుంది. ఒక్క జాకీ మీద కారు ఎత్తి కింద దూరకు, స్టాండ్లు పెట్టు. చలికాలం చేతులకు నూనె రాసుకుంటున్నావా? పెట్రోలుతో చేతులు కడగకు, ఎన్నిసార్లు చెప్పాను.

ట్రాక్‌లో పరుగు అయ్యాక ఒక చీటీ ఇస్తారన్నావు కదా, రియాక్షన్, అరవై అడుగులు, 330, పావు మైలులో సగం, చివరి వేగం అన్నీ ఉండేది. అలాంటిది ఒక్కటి ఫొటో తీసి పంపు. నాకు టైమ్ ఎంతన్నది ముఖ్యం కాదు. పదిహేను సెకన్లయినా ఫరవాలేదు. ఆ చీటీ మీద ట్రాక్ పేరు, తారీఖు ఉంటాయి, మీ అమ్మకు చూపిస్తాను. అరవై అడుగుల అంకె చూస్తే క్యామ్ ఎక్కువైందో లేదో నాకూ తెలుస్తుంది. 11.49 సెకన్లుగానీ అంతకంటే తక్కువగానీ వస్తే రోల్ బార్ అడుగుతారని నువ్వే అన్నావు. ఆ డబ్బు నేను పంపుతాను, దాని దగ్గర పొదుపు చెయ్యకు.

బుజ్జి చేతికి గోంగూర, కందిపొడి, నీ చొక్కాలు రెండు ఇచ్చాం. అడుగున గుడ్డలో చుట్టి నా డయల్ గేజు పెట్టాను, మద్రాసులో మొదటి జీతంతో కొన్నది. అది మిల్లీమీటర్లలో చూపిస్తుంది, నువ్వు 25.4తో భాగించుకోవాలి. ముల్లు కొంచెం బిగుసుకుంటుంది, వేలితో మెల్లగా తట్టు. అందగానే ఫోన్ చెయ్యి. మెసేజ్ వద్దు. మనకు పొద్దున ఆరున్నర అంటే ఈ చలికాలంలో మీకు రాత్రి ఏడు. నేను షాపుకు వెళ్లకుండా ఇంట్లోనే ఉంటాను.

నాన్న