సెక్షన్ మారిన రాత్రి పిల్లని ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక జూనియర్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. ఇంటర్ ఫలితాలప్పుడు పిల్లల ప్రాణాల గురించి అందరూ మాట్లాడతారు. అంతకుముందు రెండేళ్లలో ఆ పిల్ల మనసు ఎలా తయారైందో ఎవరూ అడగరు.

నేనెవరు, నాకేం కావాలి, ఎదుటివాళ్లకి ఎలా ఉంటుంది, కోపం వచ్చినా స్నేహం ఎలా నిలుపుకోవాలి అన్నవి కుదురుకునే వయసిది. వ్యక్తిత్వం ఎలా పనిచేస్తోందని మానసిక వైద్యులు చూసేదీ వీటినే. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా తనతో తనకు, ఇతరులతో తనకు ఎంత ఇబ్బంది ఉందన్న దాన్నిబట్టే వ్యక్తిత్వ సమస్య తీవ్రత తేలుస్తుంది. ఈ వయసులో తడబాటు మామూలే, దానికి జబ్బని ముద్ర వేయమనడం లేదు. కానీ ఆ తడబాటు ఎంతకీ తగ్గని పిల్లల్లోనే దిగులు, ఆందోళన, చేతులు కోసుకోవడం ఎక్కువ.

కొత్తగా చేరిన అమ్మాయిని "నీ గురించి చెప్పు తల్లీ" అని అడిగితే ముందు సెక్షన్ పేరు, తర్వాత వీక్లీ టెస్టు మార్కులు చెప్తుంది. ఇంకేమిటంటే బిక్కమొహం వేస్తుంది. ఆదివారం క్యారేజీ తెచ్చిన తల్లిదండ్రులు కూడా మూత తీయకముందే మార్కులే అడుగుతారు. అలాంటి పిల్లని మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి దింపితే ఆ రాత్రి అన్నానికి రాదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. తన గురించి చెప్పుకోవడానికి దానికి ఇంకేం మిగిలింది?

తగువుల సంగతీ అంతే. మొన్న ఇద్దరు రూమ్మేట్లు బకెట్ దగ్గర పోట్లాడుకుని మాటలు మానేశారు. వెంటనే రూము మార్చేయమన్నారు ఆఫీసువాళ్లు. నేను మార్చలేదు. ఇద్దర్నీ స్టడీ అవర్ అయ్యాక కూర్చోబెట్టి, ఒకరు చెప్తుంటే రెండోవాళ్లు అడ్డు రాకుండా విన్నాను, వినిపించాను. ఏడ్చారు, అరిచారు, చివరికి ఒకే పళ్లెంలో తిన్నారు. పోట్లాడి మళ్లీ కలవడం ఈ వయసులో నేర్చుకోకపోతే ఎప్పుడు నేర్చుకుంటారు? రూము మార్చేస్తే ఆ అవకాశమే పోతుంది.

విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్నిబట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలనీ చెప్పింది. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాయించాం, మంచిదే. అయితే అది ఫోన్ చేయగలిగిన పిల్లకి. మా హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లే ఉండనివ్వరు.

అందుకే ఇంటర్ బోర్డు అధికారుల్ని అడుగుతున్నాను. కాలేజీ తనిఖీకి వచ్చినప్పుడు కౌన్సెలర్ పేరు రిజిస్టర్లో ఉందా అని చూసి వెళ్లిపోకండి. ఆ కౌన్సెలర్ వారంలో ఎన్ని గంటలు హాస్టల్లో కూర్చుంటున్నారో, ఎంతమంది పిల్లలకి ఆమె పేరు తెలుసో పిల్లల్నే అడగండి. సెక్షన్లు మార్చే పద్ధతి ఆపించండి. హాస్టల్లో ఒక ఫోన్ పిల్లల చేతికి అందేలా పెట్టించండి.

— ఒక హాస్టల్ వార్డెన్, విజయనగరం జిల్లా