ఉలవలు మళ్ళీ ఒకసారి ఏరుకో

గుడివాడ,
జనవరి 5

చిరంజీవి రవికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరు నలుగురూ క్షేమమని తలుస్తాను. చేతిలో ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. వంట సంగతులు ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. కాగితం మీద ఉంటే పొయ్యి గట్టు మీద పెట్టుకుని చూసుకోవచ్చు. అందుకే రాస్తున్నాను, మరో కారణం లేదు. రేపు పార్సిలు పంపుతున్నాం, అందులోనే ఇదీ పెడతాను.

మీ ఊరి పొగమంచు రోజూ టీవీలో చూస్తున్నాం. పాపను బడి బస్సు ఎక్కించేటప్పుడు చెవులు కప్పుతున్నారా? చంటివాడి నీలం స్వెట్టరు ఈపాటికి పొట్టి అయిపోయి ఉంటుంది. బొడ్డు దగ్గర చలి తగిలిందంటే వాడికి రాత్రికల్లా దగ్గు. ఇక్కడ కూడా ఈ ఏడు చలి గట్టిగానే ఉంది. ధనుర్మాసం కదా, నాలుగున్నరకే లేచి గుడికి వెళ్తున్నాను. పొంగలి దొన్నె రెండు చేతుల్లో పెట్టుకుంటే సగం చలి పోతుంది, మిరియపు గింజ పంటి కింద పడితే మిగతా సగం పోతుంది.

మొన్న గుళ్ళోనే విజయ పెద్దమ్మ కనిపించింది. శీను ఢిల్లీ నుంచి వచ్చాడట. అక్కడ ఉండగా మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మీ ఇంటికి వెళ్ళాడట. నువ్వు చొక్కా చేతులు మడుచుకుని పిల్లలకు సూప్ కాస్తున్నావని, తనకూ రెండు గిన్నెలు పోశావని చెప్పాడట. మంచిపని చేశావు. శీనుకు చిన్నప్పటి నుంచీ ఆకలి ఎక్కువ. రవి మంగళవారం పూట ఇంట్లో ఉన్నాడేమిటని పెద్దమ్మ నలుగురిలో అడిగింది. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టి ఉంటాడని చెప్పాను. అది అలా ఉంచు.

సూప్ అంటే గుర్తొచ్చింది. పోయిన నెల పాప నాతో ఫోనులో, ‘నానమ్మా, చారు అన్నంలోకి, సూప్ కప్పులోకి’ అంది. దానికి నా మాటగా చెప్పు. మన మిరియాల చారునే తమిళులు మిళగుతణ్ణీర్ అన్నారు, అంటే మిరియాల నీళ్ళు. తెల్లదొరలు అది రుచి మరిగి, నోరు తిరగక మల్లిగటానీ అని పేరు పెట్టి, సూప్ అని కప్పుల్లో పోసుకుని తాగారు. కాబట్టి మన చారు కప్పులో పోసినా తప్పులేదు. గంటెతో పోసి ఇస్తే తాగదు గానీ పిడి ఉన్న కప్పులో పోసి ఇస్తే తాగుతుందంటే, అలాగే ఇవ్వు.

ప్యాకెట్టు సూపులు మాత్రం వద్దు. పోయిన చలికాలం వచ్చినప్పుడు మీ అలమరలో చూశాను. వెనకాల చదివితే మొక్కజొన్న పిండి, చక్కెర, ఉప్పు ముందు వరసలో ఉన్నాయి. చిక్కదనం పిండితో తెచ్చుకోవడం ఎందుకు, కందిపప్పు ఉండగా? మీ ఊళ్ళో చలికాలం వచ్చే ఎర్ర కారట్లు ఉన్నాయే, అవి తియ్యగా ఉంటాయి. నాలుగు పండిన టమాటాలు, ఒక కారట్, గుప్పెడు కందిపప్పు కలిపి మెత్తగా ఉడికించు. చల్లారాక మెదిపి వడకట్టు. వేడి వేడిగా వడకడితే చెయ్యి కాలుతుంది, నీకు తొందర ఎక్కువ. ఆ కట్టులో ఉప్పు, పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి ఒక పొంగు రానిచ్చి, నేతిలో జీలకర్ర, వెల్లుల్లి వేయించి తాలింపు పెట్టు. పిల్లలకు ఇంతకు మించిన సూప్ లేదు.

జలుబు చేసిన రోజుకు మిరియాల చారు. చెంచాడు మిరియాలు, చెంచాన్నర జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేయకు, మరీ పొడి అయిపోతే చారు మడ్డిగా ఉంటుంది. చింతపండు పులుసు, పసుపు, కరివేపాకు ముందు బాగా మరగనివ్వు, పచ్చివాసన పోవాలి. ఆ తర్వాతే దంచినది వెయ్యాలి. అప్పటి నుంచి పొయ్యి దగ్గర నుంచి కదలకు. నురగ ముందు గిన్నె అంచున ముత్యాల్లా లేస్తుంది. మెల్లగా నడిమికి జరుగుతుంది. నడుమ రూపాయి బిళ్ళంత నల్లటి చోటు మిగిలి ఉండగానే దించెయ్యి. అది కూడా మూసుకుని తెర్లిందా, ఘాటంతా ఆవిరిలో పోయినట్టే. పిల్లల వాటా విడిగా తీసి వేడినీళ్ళు కలుపు.

సుధ ఇంటికి ఎన్నింటికి వస్తుంది? ఆ పొగమంచులో మెట్రో దిగి నడిచి రావాలి పాపం. తను వచ్చేసరికి చారు వేడిగా ఉండేటట్టు చూడు. మగవాడు వంట చేస్తే తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు. నీకు అన్నం వార్చడం తొమ్మిదో ఏట నేర్పింది నేనే. పగలంతా ఇంట్లో ఉండే వాళ్ళు వండాలి, బయట తిరిగి వచ్చేవాళ్ళు తినాలి, ఇందులో చిన్నతనం ఏముంది? నువ్వు పగలు ఇంట్లో ఉంటున్నావని నేను అనడం లేదు. ఒకవేళ ఉంటే అంటున్నాను.

పార్సిల్లో రెండు కిలోల ఉలవలు పెడుతున్నాను. అక్కడా దొరుకుతాయి, కుల్థీ అని అడగాలి. మీ కింది అంతస్తులో పౌడీ నుంచి వచ్చిన ఆవిడ ఉందే, ఆవిడ గహత్ అంటుంది. వాళ్ళ కొండల్లో చలికాలమంతా ఆ పప్పేనట. మెట్ల మీద ఎండలో కూర్చుని ఆవిడ తన భాషలో, నేను నా భాషలో ఉలవల గురించే గంటసేపు మాట్లాడుకున్నాం. ఆవిడను అడిగినట్టు చెప్పు. అయినా మన ఉలవలు మనవే.

ఉలవచారు అంటే నీకు హోటలు బకెట్టు బిర్యానీ పక్కన పోసేదే గుర్తు ఉంటుంది. మిల్లు మూతపడిన ఏడు నీకు నాలుగేళ్ళు, నీకేం గుర్తు ఉండదు. ఈ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, మీ నాన్నగారికి ఇష్టం ఉండేది కాదు.

వినాయక చవితి వెళ్ళిన వారానికి మిల్లు గేటుకు తాళం పడింది. మీ నాన్నగారు నాయనమ్మకు ఆ మాట రాయలేదు. నెలకొక కార్డు రాసేవారు కదా, ఆ నెలా రాశారు. ‘మేమంతా క్షేమం. నీ ఆరోగ్యం జాగ్రత్త.’ అంతే. రెండో నెలా అదే, మూడో నెలా అదే. నాయనమ్మకు చదువు రాదు, పోస్టుమాన్ చేత చదివించుకునేది. మూడో కార్డు విని, ‘నా కొడుకు వాన అనో, ధరలనో, పిల్లాడి దగ్గనో ఏదో ఒకటి రాస్తాడు. ఏమీ రాయలేదంటే అక్కడ ఏదో అయింది’ అని ఆ సాయంత్రమే మూట కట్టింది. కార్తీక మాసం, పొద్దున్నే మొదటి బస్సు దిగింది. ఒక చేతిలో ఉలవల సంచి, చంకలో పెద్ద మట్టికుండ. కుండ చుట్టూ తన శాలువా చుట్టి తెచ్చింది. తను మాత్రం వణుకుతూ వచ్చింది.

ఏమీ అడగలేదు. పెరట్లో గొయ్యి తీయించి పిడకల దాలి పెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఎడ్లకు ఉలవలు ఉడికించేవారు, గింజలు గాట్లో పడేవి, కట్టు ఇంట్లోకి వచ్చేది. ఎడ్ల బలమంతా మనుషులకూ రావాలని ఆవిడ నమ్మకం. రాత్రి నానబోసిన ఉలవలను తెల్లవారుజామున పిడకల మీద ఎక్కించింది. గింజ పగిలాక కట్టు వంచి, ఆ కట్టును మళ్ళీ కుండలో పోసి, చింతపండు పులుసు పోసి, ‘నాకు కళ్ళు మంటలు, నువ్వు దాలి చూడు’ అని మీ నాన్నగారి చేతికి గరిటె ఇచ్చింది. అప్పటిదాకా ఆయన మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగి ఎరుగరు. పొద్దస్తమానం పీట వేసుకుని కూర్చున్నారు. పిడక చల్లారితే విసనకర్ర, రాజుకుంటే గుప్పెడు బూడిద. నువ్వు పక్కనే గుగ్గిళ్ళు తింటూ కూర్చునేవాడివి. సాయంత్రానికి కట్టు ముదురు తేనె రంగు దాటి నల్లబడింది. గరిటె వెనక అంటుకున్న దాన్ని వేలితో గీస్తే ఆ గీత కలవకూడదు, అదీ లెక్క. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం నేను లోపల బియ్యం ఏరుకుంటుంటే ఆయన గొంతు వినిపించింది. ‘అమ్మా, మిల్లు మూసేశారు’ అన్నారు. ‘తెలుసులే. అడుగంటుతోంది, తిప్పు’ అంది నాయనమ్మ.

ఆ రాత్రి ఆయన మూడు నెలల తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు. వెన్న వేసుకుని, వేడి అన్నంలో. ఉగాది వెళ్ళాక బియ్యం మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. ఆ ఐదు నెలలూ వారానికి ఒక కుండ దిగేది. అటు పక్కింటికో గిన్నె, ఇటు పక్కింటికో గిన్నె వెళ్ళేది. గిన్నె ఎవరూ ఖాళీగా తిరిగి పంపలేదు.

నీకు దాలి ఎక్కడ దొరుకుతుంది, కుక్కరులోనే చెయ్యి. గ్లాసు ఉలవలు రాత్రంతా నానాలి, పన్నెండు గంటలకు తక్కువ వద్దు. ఆరు గ్లాసుల నీళ్ళు పోసి పది కూతలు రానివ్వు, ఆపైన సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు. కట్టు వంచుకుని, ఉడికిన గింజల్లో గుప్పెడు మెత్తగా రుబ్బి అందులో కలుపు. మిగతావి పోపు వేసి పిల్లలకు గుగ్గిళ్ళుగా పెట్టు. చింతపండు నిమ్మకాయంత. మిరియాల చారులా దీన్ని తొందరగా దించకూడదు, గంటైనా సన్నగా మరగాలి. స్టీలు గిన్నెలోనే మరిగించు, అల్యూమినియం వద్దు, పులుపుకు పడదు. దించే ముందు చిన్న బెల్లం ముక్క. తినేటప్పుడు మీగడ. మరునాడు ఇంకా బాగుంటుంది, రోజూ ఒకసారి కాచి పెట్టుకుంటే మూడు రోజులు ఉంటుంది.

చంటివాడికి రాత్రిపూట పెట్టకు, బరువు చేస్తుంది.

నాన్నా, మూడు ఆదివారాలైంది నీ గొంతు విని. ప్రతిసారీ ‘బాగున్నాం అమ్మా’ అని ఒక్క మెసేజి. మీ నాన్నగారు దాన్ని కళ్ళజోడు పెట్టుకుని చదువుతారు, తీసేసి మళ్ళీ చదువుతారు. ఉద్యోగం పోయిందా? పోతే పోయిందని చెప్పు. మా ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాదు. చీటీ పాడిన డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది, పాప ఫీజు కట్టే నెల ఇది. కార్డుల మీద అప్పు మాత్రం చేయకు, దాని వడ్డీ నీకంటే ముందు నిద్ర లేస్తుంది. ఇంటి వాయిదా సంగతి సుధా నువ్వూ కూర్చుని లెక్క వేసుకోండి, ఆ పిల్ల ఒక్కదాని నెత్తిన పెట్టకు. ఈ ముక్క రాయవద్దని మీ నాన్నగారు చెప్పారు. రాసిన తర్వాత చదివి, కొట్టెయ్యమనలేదు.

పండక్కి రమ్మని అడగను, ఇప్పుడు టిక్కెట్లు దొరకవు. రాగలిగితే మాత్రం చెప్పకుండా వచ్చినా సరే. అరిసెలు ఎలాగూ చేస్తున్నాను.

పార్సిల్లో ఉలవలు, మిరియాలు అర కిలో, చారుపొడి, గింజ తీసిన చింతపండు, కరివేపాకు ఎండబెట్టింది, పాపకు రెండు జతల సాక్సు, చంటివాడికి స్వెట్టరు ఉన్నాయి. నాయనమ్మ ఇత్తడి గరిటె కూడా ఉంది, అది మీ నాన్నగారు పెట్టారు. కళాయి వేయించాను, పులుపులో వాడుకోవచ్చు. కొబ్బరి పీచుతో తోమకు, కళాయి పోతుంది.

ఆదివారం రాత్రి తొమ్మిదికి ఫోను నా పక్కనే పెట్టుకుంటాను. ఎనిమిదిన్నరకే మీ నాన్నగారు టీవీ ఆపేస్తున్నారు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. ఉలవలు చాటలో చెరిగి రెండుసార్లు ఏరాను. అయినా వాటి రంగులోనే మట్టిబెడ్డలు ఉంటాయి, నానబోసే ముందు వెలుతుర్లో నువ్వు కూడా ఒకసారి ఏరు. పాప పాలపళ్ళు ఊడే వయసు.