జలుబే కదా అనుకోవద్దు

సంపాదకులకు,

ముసురు పట్టిందంటే కోనసీమ ఇళ్లలో పిల్లల జలుబులు మామూలే. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండే జన్యు స్థితి) బిడ్డలకు మాత్రం జలుబులా మొదలయ్యే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ త్వరగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. శ్వాసనాళాలు సన్నం, కండరాల పట్టు తక్కువ, కఫం బయటకు రాదు. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం.

బిడ్డ నిద్రలో ఉండగా నిమిషం నిండా పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టండి; ఒకసారి లేస్తే ఒక శ్వాస. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40కి చేరినా, డొక్కలు ఎగరేసినా, పాలు సగానికి తగ్గినా 108కి ఫోన్ చేయాలి. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు; ఆ సీసా అయ్యేదాకా ఆగడమే ప్రమాదం. లంకల్లో రేవు దాటాలి కనుక చీకటి పడకముందే బయలుదేరాలి.

ఆశా కార్యకర్తలకు రక్తంలో ఆక్సిజన్ చూపే పల్స్ ఆక్సీమీటర్లు, పసిపిల్లలకు సరిపోయే ప్రోబ్ (ఒంటికి తగిలించే భాగం) ఉన్నవి ఇవ్వాలి. పెద్దల క్లిప్ చిన్న వేలికి పట్టక తప్పు అంకె చూపిస్తుంది.

– పిల్లల వార్డు నర్సులు, అమలాపురం