డబ్బా మీద 3000 లీటర్లు, ట్యాంకులోకి 900: పంపు, ప్లంబింగ్ కిట్‌పై ఫిర్యాదు

విశాఖపట్నం,
జూన్ 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నా ఉప్పునీటి అక్వేరియం కోసం మీ వెబ్‌సైట్‌లో కొన్న రిటర్న్ పంపు (కింది తొట్టిలోని నీటిని పై ట్యాంకులోకి ఎత్తేది), దాంతో కలిపి అమ్మిన ‘మెరైన్ ప్లంబింగ్ కిట్’ గురించి. డబ్బు వాపసు, నష్టపరిహారం కోరుతూ.

అయ్యా,

మీ కస్టమర్ కేర్ వాళ్లు నా ఫిర్యాదును ‘ఇన్‌స్టలేషన్ లోపం’ అని రాసి మూసేశారు. ఆ మాట నేను ఒప్పుకోను. పంపు నేను ఎంచుకున్నది కాదు. కొలతలన్నీ ముందే పంపి, ఏది సరిపోతుందో మీరే చెప్పండని అడిగితే మీ టెక్నికల్ టీమ్ తేల్చి చెప్పినది. ఏ పైపు ఎటు నుంచి ఎటు వెళ్లాలో గీసిన బొమ్మ కూడా మీదే. అందుకే ఈసారి కస్టమర్ కేర్‌ని వదిలి నేరుగా మీకు రాస్తున్నాను.

ఆర్డర్‌కి ముందు నేను పంపిన మెయిల్ మీ దగ్గర ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు, అంటే 300 లీటర్లు. కింద స్టాండులో సంపు (ట్యాంకు నుంచి దిగే నీరు చేరే తొట్టి) 90 పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు. సంపులో నీరు 25 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అక్కడి నుంచి పై ట్యాంకులో నీటిమట్టం దాకా ఎత్తు 1.2 మీటర్లు. గంటకు ఐదుసార్లు నీరు తిరగాలి కాబట్టి, నాకు ట్యాంకులో పడే నీరే గంటకు 1500 లీటర్లు కావాలని విడిగా ఒక లైనులో రాశాను. పెంచేది రెండు క్లౌన్ చేపలు, క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు అని కూడా చెప్పాను. (పగడాల జోలికి నేను పోను. మన దేశంలో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మీ సైట్‌లో ‘కోరల్ ప్యాక్’ అని కనబడుతోంది, అదేమిటో మీరే చూసుకోండి.)

దానికి వచ్చిన జవాబు: ‘3000 లీటర్ల పంపు పంపుతున్నాం సార్, మీ అవసరానికి డబుల్.’

పంపు బిగించాక నీరు పల్చగా పడుతోందని అనుమానం వచ్చి కొలిచాను. రిటర్న్ పైపు మూతిని ట్యాంకు నీటిమట్టం ఎత్తులోనే పట్టుకుని 10 లీటర్ల బకెట్‌లోకి వదిలితే, నిండడానికి 40 సెకన్లు పట్టింది. అంటే గంటకు 900 లీటర్లు. వీడియో ఇదివరకే పంపాను.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో మీ డబ్బాలోనే రాసి ఉంది. ఆ 3000 అన్నది పంపు నీటిని అసలు పైకి ఎత్తనప్పుడు, పైపే లేనప్పుడు వచ్చే అంకె. పక్కనే ‘గరిష్ఠ ఎత్తు 2.6 మీటర్లు’ అని ఉంది. దానర్థం ఆ ఎత్తుకి నీరు చేరి ఆగిపోతుందని, అక్కడ ప్రవాహం సున్నా అని. ఈ రెండింటి మధ్య నా 1.2 మీటర్ల దగ్గర ఎంత వస్తుందన్నదే నేను అడిగిన ప్రశ్న. పల్లంలో వదిలి కొలిచిన మైలేజీని అరకు ఘాట్ ఎక్కే బండికి చెప్పినట్టుంది మీ జవాబు.

అంతకంటే పెద్ద విషయం మాన్యువల్ చివరి పేజీలో ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రవాహం ఎంత తగ్గుతుందో చూపే గ్రాఫ్ కింద, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో ‘110-120 వోల్టులు, 60 హెర్ట్జ్’ అని ఉంది. పంపు ఒంటి మీద అతికించిన స్టిక్కరేమో 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అంటోంది. ఇలాంటి ఏసీ పంపుల్లో అయస్కాంతం ఉన్న రోటర్ కరెంటు ఫ్రీక్వెన్సీకి తగ్గట్టే తిరుగుతుంది. 60 నుంచి 50కి దిగితే వేగం ఆరింట ఐదు వంతులు అవుతుంది. ప్రవాహం అదే లెక్కన 3000 నుంచి 2500కి పడుతుంది. ఎత్తే శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 2.6 మీటర్లు కాస్తా 1.8 దగ్గరికి వస్తుంది. 50 హెర్ట్జ్ కోసం వేరే ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) పెట్టి ఉంటే దానికి వేరే గ్రాఫ్ ఇవ్వాలి కదా. అది డబ్బాలోనూ లేదు, సైట్‌లోనూ లేదు, అడిగితే ఎవరూ పంపలేదు. మన ఇళ్లకు వచ్చేది 50 హెర్ట్జ్ కరెంటే అని తెలిసి కూడా వేరే దేశపు అంకెలతో ఇక్కడ సరుకు అమ్ముతున్నారు. ఇది పొరపాటు అని మీరంటే నమ్మడానికి సిద్ధమే, కానీ అదే అంకె ఇవాళ్టికీ సైట్‌లో పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇక ప్లంబింగ్. పంపు అవుట్‌లెట్ 25 మిల్లీమీటర్లు. మీ కిట్‌లో దానికి రెడ్యూసర్ తగిలించి 20 మిల్లీమీటర్ల పైపు ఇచ్చారు, పైగా మీ బొమ్మ ప్రకారం ఏడు ఎల్బోలు. ఒకే ప్రవాహానికి పైపు లోపలి వ్యాసం సగమైతే పంపు ఎత్తగల ఎత్తులో రాపిడికి పోయే భాగం దాదాపు 30 రెట్లు పెరుగుతుంది. మీ పైపు సగం కాకపోవచ్చు, కానీ దిశ అదే. అసలే బొటాబొటీగా ఉన్న పంపుకి సన్నపైపు తగిలించారు. నా మాటే నమ్మనక్కర్లేదు. మీ రిటర్న్ పైపు తీసేసి, ఇక్కడి షాపులో 32 మిల్లీమీటర్ల యూపీవీసీ కొని రెండే ఎల్బోలతో వేయిస్తే అదే పంపు, అదే ఎత్తు, అదే బకెట్ 30 సెకన్లలో నిండింది. గంటకు 1200 లీటర్లు. అంటే 300 లీటర్లు మింగింది మీ పైపులు, మిగతాది మీ పంపు. పైపు మార్చినా నేను అడిగిన 1500 రాలేదన్నది గమనించండి.

ఓవర్‌ఫ్లో వైపు పైపులైతే, అంటే ట్యాంకు నీటిని సంపులోకి దించేవి, బిగించడానికే రాలేదు. ట్యాంకు రంధ్రాలకు బిగించే జాయింట్లు (బల్క్‌హెడ్‌లు) మీరు మెట్రిక్ కొలతవి ఇచ్చారు, 32 మిల్లీమీటర్ల పైపు పట్టేవి. పైపు మాత్రం అంగుళాల కొలతది. పేరుకి ‘ఒక అంగుళం’ అయినా ఆ పైపు బయటి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు. చెప్పుకోవడానికి తేడా మిల్లీమీటరున్నరే గానీ, పైపు సాకెట్‌లోకి దిగదు. మా ప్లంబర్ పైపు చివర మంట మీద వేడి చేసి నొక్కేద్దాం అన్నాడు. ఇంటి నీళ్లకైతే ఒప్పుకునేవాణ్నేమో. ఉప్పునీరు చుక్క కారినా ఎండి తెల్లగా పేరుకుంటుంది, పక్కనున్న ఇనుమునీ స్విచ్ బోర్డునీ తినేస్తుంది. వద్దన్నాను. రెండు కొలతలనూ ఒకే సంచిలో వేసి సీలు చేసిన మనిషి ఒక్కసారైనా ఒక పైపుని ఒక సాకెట్‌లో పెట్టి చూశాడా?

ఆ సంచిలోనే, వాల్వ్‌ల దగ్గర వాడమని రెండు ఇత్తడి మరల ఎఫ్‌టీఏలు (పైపుని మర ఉన్న భాగానికి కలిపే అడాప్టర్లు) ఉన్నాయి. బాత్రూమ్ కుళాయిలకు వాడేవి అవి. ఇత్తడి అంటే రాగి, జింకు. ఉప్పునీటిలో ఇత్తడి మెల్లగా కరుగుతుంది. చేపలకు పరాన్నజీవులు పడితే రాగి మందు వేస్తారు, ఆ మందు మోతాదుకే రొయ్యలూ నత్తలూ చచ్చిపోతాయి. రొయ్యలు పెంచుతున్నానని రాసిన మనిషికి ‘మెరైన్’ అని ముద్ర వేసి ఇత్తడి పంపారు. ప్లాస్టిక్ మరలవి ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో ఏ వెతుకులాటా లేకుండా దొరికాయి. మీకు ఎందుకు దొరకలేదో తెలియదు.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఎన్‌ఆర్‌వి, అంటే నీటిని ఒకవైపే వదిలే వాల్వ్. మీ బొమ్మలో రిటర్న్ పైపు మూతి నీటిమట్టానికి 12 సెంటీమీటర్ల కింద ఉంది. పైపులో నీటిమట్టం దగ్గర గాలి లోపలికి పోవడానికి చిన్న రంధ్రం వేయమని ఎక్కడా లేదు. ‘కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి రాకుండా ఎన్‌ఆర్‌వి ఆపుతుంది’ అని ఒక్క ముక్క రాశారు. ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే పైపు సైఫన్‌లా మారి ట్యాంకు నీటిని సంపులోకి లాగింది. నా ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే 6 లీటర్లు. 12 సెంటీమీటర్లకు 72 లీటర్లు. సంపులో ఖాళీ 15 సెంటీమీటర్లు, అందులో పట్టేది 54 లీటర్లు. మిగతా 18 లీటర్లు హాల్లోకి వచ్చింది. ఈ గుణకారాలకు కావలసిన కొలతలన్నీ నా మొదటి మెయిల్‌లోనే ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు గోడకి ఎత్తులో ఉండబట్టి ప్రాణాపాయం తప్పింది. స్టాండు అడుగు ప్లైవుడ్ నీరు పీల్చి ఉబ్బింది.

మర్నాడు ఆ ఎన్‌ఆర్‌వి విప్పి చూస్తే లోపలి అంచున, రబ్బరు మూత కూర్చునే చోట, అచ్చులో మిగిలిపోయిన ప్లాస్టిక్ పొర గోరంత పైకి లేచి ఉంది. మూత దాని మీద ఆగి ఒకవైపు తెరుచుకునే ఉంది. దగ్గర నుంచి తీసిన ఫొటోలు జతచేశాను. ఉప్పు, ఆల్గే పట్టి ఏ ఎన్‌ఆర్‌వి అయినా ఎప్పుడో ఒకరోజు పట్టేస్తుంది, అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోరు. మీదైతే కొత్తదే పట్టేసింది.

ఇన్ని చెబితే మీ వాళ్లు ఇచ్చిన పరిష్కారం, 85 వాట్ల పెద్ద పంపు సగం ధరకి అమ్ముతామని. నీటిలో మునిగి తిరిగే పంపు తినే కరెంటు దాదాపు అంతా చివరికి ఆ నీటికే వేడిగా చేరుతుంది. 85 వాట్లు రోజంతా నడిస్తే 2 యూనిట్లు. విశాఖ ఎండాకాలంలో నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపడానికి చిల్లర్ ఇప్పటికే ఆపసోపాలు పడుతోంది. మీ పంపు వేడిని చల్లార్చడానికి ఇంకో కరెంటు బిల్లు కూడా నేనే కట్టాలన్నమాట. (‘బీచ్ పక్కనే పెట్టుకుని ఇంట్లో ఉప్పునీళ్లేంటి’ అని మా పక్కింటివాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆ రాత్రి తర్వాత వాళ్లకి జవాబు చెప్పడం మరీ కష్టమైంది.) ప్రస్తుతం స్నేహితుడి పాత పంపు అరువు తెచ్చి నడుపుతున్నాను.

‘సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాసిన పైపులు వాపసు తీసుకోం’ అన్న మీ నిబంధన నాకు వర్తించదు. రాసి చూస్తే తప్ప ఈ లోపాలు చాలావరకు బయటపడవు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లో పంపు ధర 11,400 రూపాయలు, కిట్ ధర 7,200, కొత్త పైపులకీ ప్లంబర్‌కీ అయిన 3,800, స్టాండు అడుగు మార్చడానికి అయిన 4,500, మొత్తం 26,900 రూపాయలు నా ఖాతాకి పంపండి. పంపు, కిట్ మీ ఖర్చుతో తీసుకెళ్లండి. క్రెడిట్ నోట్, కూపన్ వద్దు. ఆ పంపు 50 హెర్ట్జ్ మీద ఏ ఎత్తులో ఎన్ని లీటర్లు ఇస్తుందో సైట్‌లో పెట్టండి, కిట్‌లోంచి ఇత్తడి తీసేయండి, బొమ్మలో సైఫన్ రంధ్రం చేర్చండి. ఈ మూడింటికీ మీకు పెద్ద ఖర్చేమీ లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని కూడా వాటిలోనే ఉంది. మీ నుంచి జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఇక్కడి జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

ఇన్‌వాయిస్, మెయిళ్ల ప్రతులు, మాన్యువల్ చివరి పేజీ ఫొటో, ఎన్‌ఆర్‌వి ఫొటోలు, ప్లంబర్ రసీదు జతచేశాను. ఎన్‌ఆర్‌వి, ఎఫ్‌టీఏలు విడిగా కవర్లో కట్టి నా దగ్గరే ఉంచాను. మీ మనిషి వచ్చి చూడొచ్చు, తీసుకెళ్లడం మాత్రం డబ్బు అందాకే.

ఇట్లు,
మీ వినియోగదారు
(సంతకం)