అమ్మా, రేడియో పని సంగతి

అమ్మా,

నేను మంచిగున్న. చలికి రంది పెట్టుకోకు. ఆర్మిడేల్ ఊరే గుట్టల మీదున్నది, వెయ్యి మీటర్లకు జరంత తక్కువ, పొద్దుగాల కారు అద్దం మీది మంచు గీకినంకనే బండి తీసేది. అక్క పంపిన స్వెట్టర్ లోపట ఏసుకుంటున్న. ముసలోల్ల హోంల పని నడుస్తున్నది. పైసలు నెలాఖరుకు పంపుత.

ఇగ రేడియో సంగతి. "జీతం లేని కొలువుకు పోతున్నడట" అని చిన్నాయిన అన్నడని చెప్పినవు. నువ్వు సుత గట్లనే అనుకుంటున్నవని నీ గొంతుల తెలిసింది. కొలువు కాదమ్మా అది. టూఏఆర్ఎమ్ అంటరు, 92.1 ఎఫ్ఎం, ఊరోల్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియో. మైకు ముంగట కూసునేటోల్లు అందరు నా లెక్కనే ఊకె వచ్చి చేసేటోల్లు. ఇసొంటి రేడియోలల్ల స్పాన్సర్ల ప్రకటనలు గంటకు 5 నిమిషాలు దాటొద్దని ఆస్ట్రేలియాల రూలు. గందుకే మెంబర్ల చందాలు రాకుంటే కష్టం. జీతాలెక్కడికెల్లి తెస్తరు?

2008ల మాచనూర్ల సంగం రేడియో పెట్టినంక నువ్వు పోలేదా? కంది కోత ఇడిచిపెట్టి పోయి ఇసుర్రాయి పాట పాడొచ్చినవు. ఆ దినం కూలి పోయింది. "పైసలేమన్న ఇచ్చిన్రా" అని నాయిన అడిగితే నవ్వినవు. రాత్రి 90.4ల నీ గొంతు రాంగనే సగం వాడ మన వాకిట్లనే కూసున్నది. మరి నన్నెందుకంటవు?

నాకు నేర్పేది రిటైరైన టీచరమ్మ. మైకుకు, మూతికి నడుమ బెత్తెడు జాగ ఇడువాలంటది. నేను "ప" అన్నప్పుడల్లా మైకుల టప్పుమని సప్పుడొస్తది, ఆమె నవ్వుతది. ఒక పాట అయిపోయే యాళ్లకు ఇంకోటి తయారు లేకుంటే రేడియో మొత్తం సప్పుడు లేకుంటయితది. ఆ నాలుగైదు సెకండ్లకే నా చేతులకు చెమటలు!

మొన్న అర్ధగంట నాకే ఇడిచిపెట్టిన్రు. అన్ని మన పాటలే ఏసిన. ఎవరింటరులే అనుకున్న. తెల్లారి హోంల నేను తానం చేపించే తాత "రాత్రి రేడియోల నీ గొంతే కదా" అన్నడు. ఒక్క ముక్క సమజ్ కాలేదట, అయినా బంద్ చేయలేదట. ఆయన కొడుకు సిడ్నీల ఉంటడు, పండుగకొస్తడు. నా రూమ్మేట్ బ్రిస్బేన్ పోయినంక ఇంట్ల నాతోటి మాట్లాడెటోల్లు లేరు. డ్యూటీ అయినంక గా స్టూడియోకు పోతే ఎవలో ఒకలు చాయ్ పెట్టిస్తరు. గంతే, ఏడుస్తున్న అనుకోకు.

ఆ ఇసుర్రాయి పాట మల్లొక్కసారి పాడి తమ్మునితోటి రికార్డు చేపియ్యి. ఫ్యాను బంద్ చేసి పాడు, కుక్కర్ పెట్టకు. వాట్సాప్ల వాయిస్ మెసేజ్ వద్దు, ఫైల్ లెక్క పంపమను, లేకుంటే గొంతు కరాబ్ అయితది. చిన్నాయినకు మాత్రం ఇవేం చెప్పకు.

నాయిన షుగర్ పరీక్ష కాయిదం ఫొటో ఇంక రాలే. ఎక్కువొచ్చిందని దాస్తున్నరా?

నీ కొడుకు