పాట నేర్పే మనిషిని పంపండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మా మనవరాలు చదివే జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లేసరికి ప్రార్థన జరుగుతోంది. పాడుతున్నది పిల్లలు కాదు, సెల్‌ఫోనుకు కలిపిన స్పీకరు. పిల్లలు వరుసల్లో నిలబడి వింటున్నారు. టైంటేబుల్లో వారానికొక సంగీతం పీరియడ్ ఉందట. అది సిలబస్ టెన్షన్‌లో ఉన్న లెక్కల సారుకి పోతోంది. ఆయన్ని తప్పుపట్టను. పాట నేర్పే మనిషే లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు? స్టాఫ్ రూములో బీరువా వెనక హార్మోనియం ఒకటి కనిపించింది. తిత్తి చిరిగిపోయి, మెట్ల మీద వేలెడు దుమ్ము. ఒక ఏడో తరగతి కుర్రాడు నా వెనకే వచ్చి, "ఇది ఎలా మోగుతాది మామ్మా?" అని అడిగాడు.

ఇది విజయనగరం జిల్లాలో సంగతి. 1919లోనే మహారాజా వారు సంగీత కళాశాల పెట్టిన చోటు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. చేతిలో డబ్బులేని ఘంటసాల గారు ఇక్కడే మధూకరం ఎత్తుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, సంగీతం చదువుకున్నారు. ఇప్పుడు ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు ట్యూషన్‌కి వెళ్లి నేర్చుకుంటున్నారు. కూలివాళ్ల పిల్లలకు బడి తప్ప ఇంకో దారేది?

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 6–8 తరగతుల్లో వందకు మించి పిల్లలుంటే ఆర్ట్ ఎడ్యుకేషన్‌కు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. డ్రాయింగ్‌తో సరిపెట్టకుండా సంగీతానికీ మనిషిని ఇవ్వాలి. బడికొకరిని ఇవ్వలేకపోతే మూడు నాలుగు బడులకు కలిపి ఒకరినైనా వెయ్యండి. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చదివినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకీ ఒక ఉద్యోగం దొరుకుతుంది.

కీర్తనలే నేర్పాలని నా పట్టు కాదు. తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి జానపద కళలు మన ఉత్తరాంధ్ర సొత్తు. ఆ కళాకారులను గౌరవ వేతనమిచ్చి నెలకు రెండుసార్లు బడికి పిలిస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆ పిల్లల్లో చాలామందికి అది తాతలనాటి విద్యే.

ఆ హార్మోనియం తిత్తి బాగుచేయించే ఖర్చు నేను పెట్టుకుంటానని హెడ్మాస్టరు గారికి చెప్పి వచ్చాను. వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా, దాన్ని వాయించడం నేర్పే మనిషిని పంపమని విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయనగరం జిల్లా